చేపలు బాగున్నా నత్తలు చచ్చిపోతున్నాయి: సముద్రపు నీటి ట్యాంకులో రాగిని ఎలా పట్టుకోవాలి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మియాపూర్‌లో ఫ్లాట్, నాలుగడుగుల ట్యాంకు, రాళ్ళూ ఇసుకా పోను 200 లీటర్ల నీళ్ళు. మూడు వారాల్లో ముందు టర్బో నత్తలు ఐదు, ఆ తర్వాత క్లీనర్ రొయ్యలు రెండు పోయాయి. గుంపుగా పెరిగే జోవాంథిడ్ కోరల్స్ ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి. క్లౌన్ చేపలు మాత్రం మేత వేయగానే ఎగబడి తింటున్నాయి. అద్దం తుడిచే అయస్కాంతం పగిలి తుప్పు కారుతుంటే తీసేశావు. పదేసి శాతం చొప్పున మూడుసార్లు నీళ్ళు మార్చావు. నీళ్ళలో రాగిని కొలిచే కాపర్ కిట్ సున్నా చూపిస్తోంది. షాపాయన "రాళ్ళూ ఇసుకా అన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టండి" అన్నాడు. ఇప్పుడేం చేయాలన్నా అని అడిగావు.

ముందు ఏమీ పారేయకు. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను తినే బ్యాక్టీరియా అంతా ఆ రాళ్ళ మీదే ఉంది. వాటిని తీసేస్తే రాగి సంగతి తర్వాత, అమ్మోనియాతోనే చేపలు పోతాయి. పైగా రాగి ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా కొత్త రాళ్ళు కొంటే, ఆరు నెలల్లో వాటికీ అదే గతి.

అసలు ఇది లోహమేనా అన్నది ఒక్క పూట కూర్చుని తేల్చుకో. సాలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు పాళ్ళు, వెయ్యికి 35 ఉందా చూడు. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్ళతో సున్నాకు సరిచేసి వదిలేయకుండా, 35 క్యాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడు. అల్కలినిటీ, అంటే నీటి క్షారత, ఈ నెలలో ఒక్కసారిగా పెరగడమో పడిపోవడమో జరిగిందా, అమ్మోనియా ఉందా చూడు. మన ఊళ్ళో ఇంకో అనుమానితుడు ఉన్నాడు, దోమల మందు. ప్లగ్గుకు పెట్టే లిక్విడ్‌లో ఉండేవి పైరెథ్రాయిడ్లు. రొయ్య జాతికి అవి కాలకూటం. ఎయిర్ పంపు ఆ గదిలో గాలినే లాగి నీళ్ళలోకి కొడుతుంది కదా. వానాకాలంలో వీధిలోకి పొగ కొట్టే బండి వచ్చినప్పుడు కిటికీ తెరిచి ఉన్నా అంతే. అయితే దోమల మందు దెబ్బకు మొదట పోయేవి రొయ్యలు, నత్తలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. నీ దగ్గర నత్తలు ముందు పోయాయి. అందుకే నేను రాగి వైపే మొగ్గుతున్నాను.

చేపలు ఎందుకు బాగున్నాయో చెప్తాను, కిట్ సంగతి కూడా దాంతోనే అర్థమవుతుంది. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే విడి ట్యాంకులో పెట్టి రాగి మందు వేస్తారు. కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తమే. ఆ మందు మోతాదు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి. చేపలు ఆ నీళ్ళలో వారాల తరబడి ఉండి, జబ్బు నయమై బయటికి వస్తాయి. అదే నీళ్ళలో నత్తనో రొయ్యనో వేస్తే మిగలదు. అంతకంటే ఎంతో తక్కువ మోతాదుకే వాటి పని అయిపోతుంది. విచిత్రం ఏమిటంటే, రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగే. మన రక్తంలో ఇనుము చేసే పని అక్కడ రాగి చేస్తుంది, అందుకే ఆ రక్తానికి నీలి ఛాయ. కూరలో ఉప్పు లాంటిదే, తగిన పాళ్ళు దాటితే నోట పెట్టలేం.

సహజమైన సముద్రపు నీళ్ళలో రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. నీ ట్యాంకులో లీటరుకు 20 మైక్రోగ్రాములు ఉందనుకో. 200 లీటర్లకు మొత్తం 4 మిల్లీగ్రాములు. ఒకటి రెండు ఆవగింజల బరువు. ఇక నీ కిట్‌తో వచ్చిన రంగుల కార్డు చూడు. సున్నా తర్వాత గడి 0.1 పీపీఎమ్మో 0.25 పీపీఎమ్మో ఉంటుంది, అంటే 100 లేదా 250 మైక్రోగ్రాములు. ఆ కిట్లు చేసిందే చేపలకు మందు వేసేటప్పుడు మోతాదు చూసుకోవడానికి. కాబట్టి కార్డు మీద సున్నా చూసి నత్తలకు భయం లేదనుకోకు.

అలాగని కిట్‌ను అటక మీద పడేయకు. ట్యాంకులో పనికిరానిది గిన్నెలో పనికొస్తుంది. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా తప్పు లేదు, రాగిని ట్యాంకులో కాదు, అది వచ్చే చోట కొలవాలి. అర లీటరు ప్లాస్టిక్ డబ్బాలు నాలుగైదు తీసుకో. కడిగి, మంచి నీళ్ళతో కలిపిన కొత్త ఉప్పునీళ్ళు పోయి. ఒక్కో డబ్బాలో ఒక్కో అనుమానపు వస్తువు వేసి రెండు రోజులు వదిలెయ్యి. ఒక డబ్బాలో మాత్రం ఏమీ వేయకు, పోల్చుకోవడానికి అది ఉండాలి. మూడో రోజు అన్నిటికీ కిట్ పెట్టు. 200 లీటర్లలో కలిసిపోయే రాగి అర లీటరులో కలిస్తే 400 రెట్లు చిక్కగా ఉంటుంది. అప్పుడు అదే కిట్ రంగు తిప్పి చూపిస్తుంది.

డబ్బాల్లో ఏమేం వేయాలంటే, ముందు ఆ పగిలిన అయస్కాంతం. చెత్తబుట్టలో వేసి ఉంటే తీసుకురా. ఈ బలమైన అయస్కాంతాలు నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. వాటి మీద సాధారణంగా నికెల్, దాని కింద రాగి, మళ్ళీ నికెల్ పూత ఉంటుంది. పైన ప్లాస్టిక్ చిట్లి ఉప్పునీళ్ళు లోపలికి వెళ్తే పూత లేచిపోయి అయస్కాంతం ఉబ్బుతుంది. నువ్వు చూసిన గోధుమరంగు తుప్పు ఇనుము. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ ట్యాంకు నీళ్ళలో ఇనుము తొందరగా మడ్డిగా దిగిపోతుంది, మహా అయితే నాచు పెరుగుతుంది. చంపేవి కంటికి కనపడని ఆ పూతలోని రాగి, నికెల్.

నీళ్ళను కదిలించే వేవ్‌మేకర్‌లోనూ, నీళ్ళను తిరిగి ట్యాంకులోకి ఎక్కించే రిటర్న్ పంపులోనూ తిరిగే రోటర్ కూడా అయస్కాంతమే. విప్పి, దాని చుట్టూ గోరు పెట్టి నెమ్మదిగా తిప్పు. ఎక్కడైనా గోరు తట్టుకున్నా, ఉబ్బినట్టున్నా అది కూడా డబ్బాలోకి. మధ్యలో ఉండే ఇరుసు సెరామిక్‌ది అయితే పర్వాలేదు, తెల్లగా ఉంటుంది. చవక పంపుల్లో స్టీలు ఇరుసు వేస్తారు. పైపుకు బిగించే స్క్రూ క్లిప్పులు, కోరల్ ముక్కలు పెట్టే ర్యాకు అయస్కాంతం, లైటు పెట్టెకు ఉన్న స్క్రూలు కూడా చూడు. లైటు స్క్రూలను చాలామంది వదిలేస్తారు. నీటి తుంపర పైకి ఎగిరి, స్క్రూ మీద ఉప్పు పేరుకుని, పచ్చగా కిలుం పట్టి, ఆ చుక్క మళ్ళీ నీళ్ళలోకే పడుతుంది. స్టీలు అంటే తుప్పు పట్టదు అనుకోకు, వంటింటి స్టీలును కూడా ఉప్పునీళ్ళు చుక్కలు చుక్కలుగా తినేస్తాయి. టైటానియం ఒక్కటే నిశ్చింత.

చిల్లర బిళ్ళల సంగతి కూడా చెప్పాలి. రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి బిళ్ళ విసిరే జాతి మనది. మా అత్తగారు ఒక కార్తీక మాసంలో మా ఇంటికొచ్చి, ఇంట్లో సముద్రం పెట్టుకున్నారు కదా అని దణ్ణం పెట్టుకుని, పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ళ వేశారు. ఆ బిళ్ళలో ఎక్కువ భాగం రాగే. అదృష్టం కొద్దీ ఇసుక మీద మెరుస్తుంటే సాయంత్రమే కనిపించింది. నువ్వు కూడా ఒకసారి ఇసుక కెలికి చూడు, ఇంట్లో పిల్లలుంటే మరీను.

ఇవన్నీ ట్యాంకు లోపలివి. నా అనుభవంలో దొంగ బయటే ఉంటాడు. నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, "ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్ళే వాడుతున్నాను, టీడీఎస్ 40 వస్తుంది" అని రాశావు. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్కే. ఆ ఆర్‌ఓ మీద కాపర్ అని రాసి ఉందా?

నాకు జరిగింది చెప్తాను. మాది ఈసీఐఎల్ వైపు. బోరు నీళ్ళు, మీటరు పెడితే 900 చూపిస్తాయి. ట్యాంకుకు కూడా ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళే పట్టేవాణ్ణి. ఒకసారి సర్వీసు కుర్రాడు వచ్చి ఫిల్టర్లు మార్చి, "ఈసారి కాపర్ క్యాట్రిడ్జి వేశాను సార్, ఆరోగ్యానికి మంచిది, ఇప్పుడంతా ఇదే" అన్నాడు. నేను టీ తాగుతూ తల ఊపాను. నెలా పది రోజులకు నత్తలు అద్దం మీంచి జారి పడటం మొదలైంది. వెల్లకిలా పడి, పాదం బయటికి వేలాడేసి ఉండేవి. వేలితో తాకితే లోపలికి ముడుచుకోవాలి కదా, ముడుచుకునేవి కావు. పంపులు మార్చాను, అయస్కాంతం మార్చాను, ఉప్పు కంపెనీ మార్చాను. ఏం చేసినా వారానికి ఒకటి రెండు పోతూనే ఉన్నాయి.

చివరికి సంప్‌లో, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ పెట్టెలో, లోహాలను పట్టి రంగు మారే పాలీఫిల్టర్ ముక్క పెట్టాను. తెల్లగా, గిన్నెలు తోమే స్పాంజి ముక్కలా ఉంటుంది. మూడు రోజులకు తీసి చూస్తే, నీళ్ళు వచ్చే వైపు అంచు మైలుతుత్తం రంగుకు తిరిగింది. ఆ రంగు చూశాక అది రాగేనని తేలింది గానీ ఎక్కణ్ణుంచో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక వంటింట్లోకి వెళ్ళి ఆర్‌ఓ కొళాయి తిప్పి, మొదటి గ్లాసు నీళ్ళకు కిట్ పెట్టాను. ట్యాంకు నీళ్ళకు ఎప్పుడూ తిరగని రంగు అక్కడ వెంటనే తిరిగింది.

ఎందుకింత దెబ్బ తగిలిందో లెక్క చూడు. మన ఎండాకాలంలో మూత లేని నాలుగడుగుల ట్యాంకులోంచి రోజుకు 4 లీటర్ల దాకా ఆవిరైపోతాయి. అంత నీళ్ళు మళ్ళీ పోస్తావు. నెలకు 120 లీటర్లు. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ రాగి ఆవిరి కాదు, అక్కడే ఉండిపోతుంది. పోసే నీళ్ళలో లీటరుకు 50 మైక్రోగ్రాములే ఉందనుకుందాం. నెలకు 6 మిల్లీగ్రాములు చేరుతుంది, అంటే 200 లీటర్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు. రెండో నెలకు దాని మీద ఇంకో 30. నువ్వు నీళ్ళు మార్చినా, మార్చే నీళ్ళు కూడా అదే కొళాయివి. టీడీఎస్ మీటరు దీన్ని చూపించలేదు. 50 మైక్రోగ్రాములంటే 0.05 పీపీఎం, ఆ మీటరుకు ఒకటికి తక్కువ అంకెలు తెలియవు.

కాబట్టి రేపు పొద్దున ఎవరూ లేవకముందే, రాత్రంతా నిలవున్న నీళ్ళు మొదటి గ్లాసు పట్టి కిట్ పెట్టు. కార్డులో మంచినీళ్ళకు వేరే గడులుంటే అవి చూడు. తర్వాత నీళ్ళు నడిచే దారంతా చేత్తో తడుముకుంటూ వెళ్ళు. కొళాయి దగ్గర ఇత్తడి నిపిల్ ఉందా? రాణిగంజ్ నుంచి తెచ్చిన ఫిట్టింగుల్లో ఒక్కటైనా ఇత్తడిది ఉంటుంది. నీళ్ళు మోసేది దేంట్లో? మా స్నేహితుడింట్లో అమ్మమ్మగారు రాగి బిందెలో రాత్రంతా నిలవుంచిన నీళ్ళు పొద్దున్నే ట్యాంకులో పోసేవారు, చేపలకు కూడా మంచిదని. ఉప్పు కలిపేది స్టీలు బకెట్‌లో అయితే మానెయ్యి, ప్లాస్టిక్ డ్రమ్ము వాడు. పాత అపార్ట్‌మెంట్ అయితే జీఐ పైపుల పూతలోని జింకు కూడా ఉంటుంది, కానీ ఆర్‌ఓ పొర సరిగ్గా పనిచేస్తుంటే అది చాలావరకు ఆగిపోతుంది. పొర దాటాక కలిసేవే అసలు సమస్య. ఒకటి కాపర్ క్యాట్రిడ్జి, రెండోది టీడీఎస్ కంట్రోలర్. ఆ చిన్న స్క్రూ రుచి కోసం బోరు నీళ్ళను నేరుగా కలుపుతుంది. నీకు 40 వస్తోందంటే అది ఎంతో కొంత తెరిచే ఉండొచ్చు.

మూలం దొరికి తీసేశాకే శుభ్రం చేయడం. అప్పటిదాకా ఎన్ని మందులు కొన్నా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

పదేసి శాతం మూడుసార్లు మారిస్తే, కొత్త నీళ్ళు మంచివే అనుకున్నా, పాత రాగిలో ఇంకా 73 శాతం మిగిలే ఉంటుంది. 30 శాతం చొప్పున, రోజు విడిచి రోజు, నాలుగుసార్లు మార్చు, మిగిలేది 24 శాతం. ఒక్కోసారికి 60 లీటర్లు, లీటరుకు 38 గ్రాముల లెక్కన ఉప్పు 2.3 కిలోలు. మొత్తానికి 9 కిలోల పైన పడుతుంది, ముందే తెచ్చి పెట్టుకో, మధ్యలో అయిపోతే వేరే బ్రాండు కలపాల్సి వస్తుంది. వేడి, సాలినిటీ, అల్కలినిటీ ట్యాంకుతో కలిసేలా చూసుకునే పోయి. ఇప్పటికే నీరసించిన కోరల్స్‌కు అల్కలినిటీ దెబ్బ కూడా తగిలిస్తే అవి రాగితో పోయాయో నీ వైద్యంతో పోయాయో తెలియదు. నీ ఆర్‌ఓ అనుమానంలో ఉన్నన్నాళ్ళూ 20 లీటర్ల వాటర్ క్యాన్లు తెప్పించుకో. మీటరులో 50 లోపు ఉండాలి, ఒక క్యాన్‌కు కాపర్ కిట్ పెట్టి చూశాకే వాడు.

దాంతోపాటు సంప్‌లో నీళ్ళు జోరుగా పారే చోట రాగిని పీల్చే క్యుప్రిసార్బ్ రెసిన్ సంచీ కానీ పాలీఫిల్టర్ కానీ పెట్టు. క్యుప్రిసార్బ్ రాగిని పట్టినకొద్దీ నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పాలీఫిల్టర్ రాగికి నీలంగా, ఇనుముకు నారింజగా మారుతుంది. మంచి యాక్టివేటెడ్ కార్బన్ కూడా వేసి, ఈ నెల మాత్రం నాలుగు రోజులకోసారి మార్చు. సేంద్రియ పదార్థాలకు అంటుకుని ఉన్న రాగిని అది కొంత లాగుతుంది. క్యుప్రిసార్బ్, పాలీఫిల్టర్ రెండూ ఇక్కడి షాపుల్లో ఎప్పుడూ ఉండవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు. కొళాయి నీళ్ళకు వేసే క్లోరిన్ మందుల్లో "లోహాలను కట్టేస్తుంది" అని రాసి ఉండేవి కొన్నుంటాయి. వాటి జోలికి పోకు. అవి రాగికి ముసుగు వేస్తాయి, ట్యాంకులోంచి తీసేయవు.

రాళ్ళ సంగతి. సున్నపు రాయి, ఇసుక రాగిని కొంత పట్టుకుంటాయి, నీళ్ళు శుభ్రమయ్యాక మెల్లగా వదులుతాయి. అందుకే పదో రోజున అంతా బాగుందనిపించి, నెలకు మళ్ళీ నత్త పడిపోతుంది. ఏళ్ళ తరబడి రాగి మందు వేసిన ట్యాంకు రాళ్ళయితే నేనే పారేయమనేవాణ్ణి. ఒకటి రెండు నెలల కలుషితానికి అక్కర్లేదు. క్యుప్రిసార్బ్‌ను రెండు మూడు నెలలు అలాగే ఉంచితే రాళ్ళు వదిలేది వదిలినట్టు అది పట్టుకుంటుంది.

ఇంకో చిన్న పని. ట్యాంకులో పని చేస్తుంటే ఎప్పుడైనా చేతికి చిన్నగా జివ్వుమందా? హీటరో పంపో కరెంటు లీకైతే లోహం తుప్పు పట్టడం వేగమవుతుంది, నీ ప్రాణానికి కూడా ముప్పు. వేలితో పరీక్షించకు, ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించు. ఆ లైనుకు, లీకైతే వెంటనే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే వేయించు.

డబ్బు పెట్టగలిగితే నీళ్ళను ఐసీపీ పరీక్షకు పంపు, ల్యాబు యంత్రంతో ఒక్కో మూలకం ఎంతుందో కొలిచే పరీక్ష అది. జర్మనీ ల్యాబుల కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రాగి, జింకు, నికెల్, తగరం, అల్యూమినియం అన్నీ మైక్రోగ్రాముల్లో చెప్తారు. చాలామంది ట్యాంకు నీళ్ళు ఒక్కటే పంపి ఊరుకుంటారు. నువ్వు నీ ఆర్‌ఓ నీళ్ళు కూడా ఇంకో సీసాలో పంపు, మంచినీళ్ళ పరీక్ష విడిగా చేసే ల్యాబులున్నాయి. ట్యాంకు రిపోర్టు ఎంత రాగి ఉందో చెప్తుంది, ఆర్‌ఓ రిపోర్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తుంది. రాగితోపాటు నికెల్ కూడా లేచి ఉంటే అయస్కాంతం, జింకు లేచి ఉంటే ఇత్తడి, రాగి ఒక్కటే ఉంటే కాపర్ క్యాట్రిడ్జి. ఇది నా మోటు లెక్కే, కానీ చాలాసార్లు నిలబడింది.

కొత్త జీవాలేవీ ఇప్పుడే కొనకు. నాలుగో నీళ్ళ మార్పు అయ్యాక మూడు వారాలు ఆగు. సంప్‌లో కొత్తగా పెట్టిన పాలీఫిల్టర్ వారం తర్వాత కూడా నీలం తిరగలేదంటే, అప్పుడు ఒకే ఒక్క నత్తను తెచ్చి, గంటసేపు నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసి వదులు. పది రోజులు అది అద్దం మీద నడుస్తూ, రాత్రిళ్ళు నాచు గీరిన చారలు వదులుతుంటే మిగతావాటి గురించి ఆలోచించొచ్చు. రొయ్య మాత్రం అన్నిటికంటే చివర, పైగా అది మొదటిసారి ఒంటి మీది పాత పెంకు విడిచి బతికి బయటపడేదాకా నమ్మకం పెట్టుకోకు. ఒంట్లో పేరుకున్న లోహం దెబ్బ పెంకు విడిచేటప్పుడే బయటపడుతుంది.

ఆర్‌ఓలో కాపర్ క్యాట్రిడ్జి ఉందని తేలితే ఇంట్లో గొడవ పెట్టుకోకు, తాగేవాళ్ళు తాగనీ. పొర తర్వాత, కాపర్ క్యాట్రిడ్జికి ముందు పావు అంగుళం ప్లాస్టిక్ టీ జాయింటు వేయించి, ఒక గొట్టం విడిగా లాక్కో. టీడీఎస్ కంట్రోలర్ అంతకు ముందే కలుస్తుంటే దాన్ని పూర్తిగా మూయించు. ఆ గొట్టానికి మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ క్యాట్రిడ్జి ఒకటి తగిలించు, మీటరు సున్నా చూపించాలి. నేను ఆ గొట్టానికి ఎర్ర టేపు చుట్టి పెట్టాను. సర్వీసు కుర్రాడు వచ్చినప్పుడల్లా టీ పక్కన పెట్టి, ఆ టేపు దగ్గరే నిలబడతాను. నువ్వు పొద్దున్న గ్లాసుకు కిట్ పెట్టాక వచ్చిన రంగు, డబ్బాల్లో వచ్చిన రంగులు కార్డు పక్కన పెట్టి ఫోటో తీసి పంపు, ట్యూబ్‌లైటు కింద వద్దు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తియ్యి.